నాలుగో గొంతు

పొగమంచులో ఆరుసార్లు లెక్క పెట్టుకున్నారు. ఆరుసార్లూ లెక్క సరిపోయింది. ఒడ్డుకొచ్చి పడవ కట్టేశాక చూస్తే ఒక మనిషి తక్కువ.

ఈ మాట నాకు ఫోన్లో చెప్పింది తప్పిపోయిన అమ్మాయి అక్క. ఆస్పత్రిలో నర్సు. రాత్రి డ్యూటీ దిగి తిన్నగా రేవుకొచ్చిందట, యూనిఫాం కూడా మార్చుకోలేదు. నేను వెళ్లేసరికి పడవల బడి ఆఫీసు గదిలో వైర్‌లెస్ సెట్టు ముందు కూర్చుని ఉంది. అది గరగరమన్నప్పుడల్లా లేచి నిలబడుతోంది, ఆగగానే కూర్చుంటోంది. ఏడవడం లేదు. ఏడ్చేవాళ్లని ఓదార్చడం నాకు చేతనవును. ఇలా రెప్ప వెయ్యకుండా చూసేవాళ్ల పక్కన నిలబడాలంటేనే నాకు కష్టం.

"నీళ్లలో చెయ్యి పెట్టి చూశాను మేడం," అంది. "లైఫ్ జాకెట్ ఉంది కాబట్టి మునగదు. కానీ ఈ చలికి తడిసిన ఒళ్లు మధ్యాహ్నం దాకా ఆగదు. ఇలాంటివాళ్లని మా వార్డుకి తెస్తుంటారు, నాకు తెలుసు. మీ మరిది గారేమో రేవు ముఖద్వారం దగ్గరే వెతికిస్తున్నారు. చెల్లి అక్కడ లేదని నా మనసు చెప్తోంది. మనసు చెప్పేది పోలీసులు వినరు కదా, అందుకే మిమ్మల్ని పిలిచాను."

గోడ గడియారంలో తొమ్మిదిన్నర అయింది. కిటికీ అవతల గట్టు లేదు, నీళ్లు లేవు, తెల్లగా గోడ కట్టినట్టు పొగమంచు.

నా మరిది ఈ రేవుకి ఇన్‌స్పెక్టరు. నేను ప్రైవేటు డిటెక్టివ్‌ని. ఇంట్లో ఒకే టేబులు మీద భోంచేస్తాం, బయట ఒకరి కేసులో ఒకరం వేలు పెడతాం. మధ్యలో మా ఆయన అడకత్తెరలో పోకచెక్క.

"ఈ మధ్య చెల్లెలు కొత్తగా ఏమైనా అందా?" అని అడిగాను.

"పోయిన వారం ఇంటికో కొక్కెం తెచ్చుకుంది. పడవ మీంచి జారిపోకుండా కట్టుకునే నడుము పట్టీది. అన్నం తింటూ దాన్నే తిప్పుతూ కూర్చుంది. 'అక్కా, ఇలా మెలితిప్పి లాగితే దానంతటదే ఊడిపోతోంది చూడు, సార్‌తో మాట్లాడాలి' అంది. మాట్లాడిందో లేదో తెలీదు." కాస్త ఆగింది. "నిరుడు ఒక అబ్బాయి ఈ పడవ మీంచే పడి చచ్చిపోయాడు కదా. కొక్కెం తగిలించుకోలేదు, వాడి తప్పే అని తేల్చారు."

ఆ మాట నేను మనసులో ఓ పక్కన పెట్టుకున్నాను.

ఇక్కడ ఈ బడి సంగతి కొంచెం చెప్పాలి. తెరచాప యాట్‌ని ఒక్కడే నడిపేస్తానంటే అది ఒప్పుకోదు. ఒకడు తాడు లాగితే ఇంకొకడు వదలాలి, ఒకడు చుక్కాని తిప్పితే మిగతావాళ్లు తలలు వంచాలి. నలుగురు కుర్రాళ్లని తీసుకుని ఒక్క ఒంటిలా కదలడం నేర్పడమే కెప్టెన్ చేసే పని. పాఠం మొదటి రోజే ఇంటిపేరూ ఒంటిపేరూ గేటు దగ్గర వదిలేసి రమ్మంటాడు. లోపల నంబర్లే. ఒకటి ఆయన. రెండో నంబరు కుర్రాణ్ణి మిగతావాళ్లు లాయరు అంటారు, గాలితో కూడా వాదిస్తాడని. మూడో నంబరు సన్నటి అమ్మాయి, పిచ్చుక. నాలుగు మన నర్సు చెల్లెలు. తెరచాప కొయ్య చకచకా ఎక్కేస్తుందని ఉడత అని పిలుస్తారు. ఐదో వాడు నిచ్చెన. ఎందుకో చూడగానే తెలుస్తుంది.

పొగమంచు దిగితే పక్కవాడి మొహం పక్కవాడికి కనబడదు. అప్పుడు పావుగంటకోసారి కెప్టెన్ "ఒకటి" అని అరుస్తాడు. మిగతావాళ్లు వరసగా తమ నంబరు చెప్పాలి. ఏ నంబరైనా పలక్కపోతే ఉన్నపళంగా పడవ వెనక్కి తిప్పాలి. ఆ రూలు మీదే అందరి ప్రాణాలూ ఉంటాయి.

గట్టు మీద మా మరిది లాయరు రెక్క పుచ్చుకుని జీపు దగ్గర నిలబడ్డాడు.

"వచ్చారా వదినా. ఇంకా రాలేదేమిటా అనుకుంటున్నా."

"పిలవని పేరంటానికి రాలేదులే అబ్బాయ్. పిలిస్తేనే వచ్చాను. వీణ్ణెందుకు పట్టుకున్నావ్?"

కట్టె, కొట్టె, తెచ్చె అన్నట్టు చెప్పేశాడు. ఆఖరి లెక్క రేవు ముఖద్వారం దాటుతుండగా పెట్టారు. నాలుగో నంబరు పలికింది, అందరూ విన్నారు. అక్కడ్నుంచి గట్టుకి ఐదు నిమిషాలు. పిల్ల పోయింది ఆ ఐదు నిమిషాల్లోనే. నడుము పట్టీ పడవ తీగకే వేలాడుతోంది, అంటే ఒడ్డొచ్చిందని తనే విప్పుకుంది. నిన్న సాయంత్రం చుక్కాని కోసం ఈ కుర్రాడూ ఆ పిల్లా జుట్టూ జుట్టూ పట్టుకున్నంత పని చేశారు. పొద్దున్న చుక్కాని దగ్గర ఉన్నదీ వీడే.

"నేనేం చెయ్యలేదు మేడం," అన్నాడు లాయరు. వాదించే కుర్రాడి గొంతులో వాదన లేదు. పెదాలు నీలం తిరిగి ఉన్నాయి.

"ఈత వచ్చిన పిల్ల," అన్నాను మరిదితో. "లైఫ్ జాకెట్ వేసుకుంది. గట్టు ఐదు నిమిషాల దూరం. ఒక్క కేకైనా వెయ్యలేదా?"

"తలకి దెబ్బ తగిలుండొచ్చు."

"ఉండొచ్చు. తలకి దెబ్బ తగిలిన లైఫ్ జాకెట్ కూడా తేలుతుంది. నీ మనుషులు మూడు గంటలుగా వెతుకుతున్నారు, దొరికిందా?"

మా మరిదికి కోపం వస్తే ముక్కు ముందు ఎర్రబడుతుంది. అది ఎర్రబడింది. నేను పడవెక్కాను, లాయరుని గట్టు మీదే వదిలి వెనకే ఆయనా ఎక్కాడు.

పడవ మీద కెప్టెన్ తాళ్లు చుట్టలు చుడుతున్నాడు. పొడుగాటి మనిషి, కత్తిరించిన నెరిసిన గడ్డం, గొంతు మెత్తన. చూడగానే పిల్లల్ని అప్పజెప్పాలనిపించే మనిషి. తడి గుడ్డ వాసనలో డీజిలు వాసన కూడా నా ముక్కుకి తగిలింది.

"ఇంజన్ వేశారా?"

"వెయ్యాల్సొచ్చిందమ్మా. నాలుగు లెక్కలయ్యాక రాళ్లు మరీ దగ్గరైనట్టనిపించింది."

కింద గట్టు మీంచి లాయరు అందుకున్నాడు. "సార్ ఎప్పుడూ ఇంజన్ వెయ్యరు మేడం. ఇంజన్ సోమరిపోతుల తెరచాప అంటారు."

"ప్రాణాల మీదికొస్తే సోమరితనమూ పనికొస్తుందిరా," అన్నాడు కెప్టెన్. తాడు చుట్టడం మాత్రం ఆపలేదు.

పడవ అంచు వెంబడి ఉక్కు తీగ ఉంది. దానికి పట్టీలు వేలాడుతున్నాయి. ఒక్కో పట్టీకి రెండు చివర్లా కొక్కేలు. ఒకటి తీగకి, రెండోది ఒంటి మీది జాకెట్ కడియానికి. మనిషి జారినా పడవ వదలకుండా ఉండేందుకు. నాలుగో నంబరు పట్టీ మీద పెయింటుతో నాలుగు అంకె వేసి ఉంది. నేను వంగి, ఆ పట్టీని నాలికతో రుచి చూశాను.

"వదినా! ఏంటా నాకడం?"

"ఉప్పు చూస్తున్నాను మరిది గారూ. ఇంట్లో రోజూ చూసేది నేనేగా." రెండో నంబరు పట్టీ చూశాను. ఐదోది చూశాను. ఉమ్మేసుకోవాల్సి వచ్చింది. "ఇవి కషాయంలా ఉన్నాయి. మూడు నెలల సముద్రం వీటిల్లోనే ఉంది. ఆ పిల్ల పట్టీ మాత్రం కొట్లోంచి తెచ్చినట్టు చప్పగా ఉంది. ఇది పొద్దున్న సముద్రానికి వెళ్లిన పట్టీ కాదు. వచ్చాక తగిలించింది."

మా మరిది నోరు తెరిచి, మూసి, తనూ ఒక పట్టీని వేలితో రాసి నాలిక్కి ఆనించుకున్నాడు. మొహం వికారంగా పెట్టాడు.

"కొత్త పట్టీలు ఎక్కడుంటాయి?" అన్నాను.

"నంబర్లు వేసి స్టోరు గదిలో పెడతాం," అన్నాడు కెప్టెన్. "తాళంచెవి గోడకి మేకు మీద ఉంటుంది. ఎవరైనా తీసుకోవచ్చు."

మేకు మీద ఉండే తాళంచెవి ఎవరికీ సాక్షి కాదు. సరే అన్నాను.

పిల్లలు ముగ్గుర్నీ తెరచాపలు ఆరబెట్టే గదికి తీసుకెళ్లాను. కెప్టెన్‌ని బయటే ఉండమన్నాను. ఆ గది పొడుగ్గా ఉంటుంది. పైకప్పు నుంచి నేల దాకా తెల్లటి చాపలు వరసగా వేలాడుతుంటాయి. అందులోకి నాలుగడుగులు వేస్తే ముందు మనిషి వెనక మనిషికి కనబడడు. నీటిబొట్లు ఎక్కడెక్కడో టప్ టప్‌మని పడుతున్నాయి. బయట పొగమంచుకీ ఈ గదికీ తేడా లేదనిపించింది, నాకు కావలసిందీ అదే.

"తలా ఓ చాప వెనక నిలబడండి. ఒకరికొకరు కనబడకూడదు. పొద్దున్న ఎలా లెక్క పెట్టుకున్నారో అలాగే ఇప్పుడూ పెట్టాలి. కెప్టెన్ బదులు నేను."

"ఇదేం ఆట వదినా," అని గొణిగాడు మరిది గుమ్మంలోంచి.

"ఒకటి," అన్నాను.

"రెండు." లాయరు.

"మూడు." పిచ్చుక.

ఆ తర్వాత ఖాళీ. ఒక బొట్టు పడింది. ఇంకో బొట్టు పడింది. లేని మనిషి కోసం గది మొత్తం చెవులు రిక్కించుకున్నట్టుంది. ఎవరూ పలకరనే నేను కూడా అనుకున్నాను.

"నాలుగు."

గొంతు రెండు చోట్ల నుంచి వచ్చింది. ఒక్క క్షణంలోనే, ఒకటి సన్నగా, ఒకటి కావాలని సన్నగా చేసుకున్నట్టు. నా ఒంటి మీద రోమాలు లేచి నిలబడ్డాయి. వెనక మరిది టోపీ తీసేశాడు, ఎందుకు తీశాడో ఆయనకే తెలీదు.

చాపల వెనక పిచ్చుక వణుకుతున్న గొంతు. "ఒరేయ్ నిచ్చెనా, నువ్వెందుకు చెప్పావు?"

"నువ్వెందుకు చెప్పావే?"

నోటికి అలవాటైన పని మనసుని అడగదు. చాపలు తప్పించుకుంటూ ఇద్దరూ బయటికొచ్చారు. ఒకర్నొకరు దెయ్యాల్ని చూసినట్టు చూసుకున్నారు.

"కాలేజీలో ప్రాక్సీ చెప్పుకోమా మేడం, అలాగే," అన్నాడు నిచ్చెన నేల చూపులు చూస్తూ. "అల పెద్దదైతే ఉడతకి కడుపులో తిప్పుతుంది. కాసేపు కిందికెళ్లి పడుకుంటుంది. చోటు వదిలారని సార్‌కి తెలిస్తే పాఠాల్లోంచి తీసేస్తారు. అందుకని ఎవరు దగ్గరుంటే వాళ్లు దాని గొంతు అనుకరించి దాని నంబరు చెప్పేస్తాం. మొదటి లెక్కకి అది నా పక్కనే ఉంది, నవ్వుతూ చెప్పింది. రెండో లెక్కకి చూస్తే చోటు ఖాళీ. కిందికెళ్లిందనుకుని నేను చెప్పేశా. ఆఖరిసారి కూడా నేనే. మధ్యలో గొంతు వినబడింది కదా, లేచొచ్చి మళ్లీ పడుకుందనుకున్నా."

"మధ్యలో రెండుసార్లు చెప్పింది నేను!" పిచ్చుక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "పడవ తిప్పకముందు ఒకసారి, ఇంజన్ వేశాక ఒకసారి. మిగతావన్నీ అదే చెప్పిందనుకున్నాను. ఇందాక అడిగితే నా ఒక్క అబద్ధమే కదా అని చెప్పలేదు మేడం."

ఇద్దరూ ఒక్కో చిన్న అబద్ధం అనుకున్నారు. రెండూ కలిసి ఒక మనిషంత అయ్యాయి. ఒకరి ప్రాక్సీని ఇంకొకరు స్నేహితురాలి గొంతని నమ్మారు. సముద్రంలో పడిన పిల్లని గంటకి పైగా పడవ మీదే కూర్చోబెట్టారు. నాకు వాళ్లని చెంప మీద కొట్టాలనిపించింది, దగ్గరికి తీసుకోవాలనీ అనిపించింది.

"అంటే మొదటి లెక్కకీ రెండో లెక్కకీ మధ్యలోనే పడిపోయింది," అన్నాను మరిదితో. "నువ్వు వెతికిస్తున్న చోటికి పడవ అప్పటికింకా రానే లేదు."

 ఆయనది పోలీసు బుర్ర కదా, వేళ్ల మీద లెక్కేశాడు. "మొదటిది ఆ పిల్లే. రెండోదీ ఆఖరిదీ ఈ నిచ్చెన. మూడోదీ ఐదోదీ ఈ అమ్మాయి. ఒకటి తగ్గింది. పడవ తిప్పాక, ఇంజన్ వెయ్యకముందు పెట్టిన లెక్క. అప్పుడు నాలుగు అన్నదెవరు?"

"నిచ్చెన," అంది పిచ్చుక.

"నేను కాదు. నువ్వే అనుకున్నా."

"అమ్మ మీద ఒట్టు, నేను కాదు."

ఇద్దరూ లాయరు వైపు తిరిగారు. అతను తల అడ్డంగా ఊపాడు. "నేనొక్కసారి కూడా చెప్పలేదు. నిన్నటి గొడవ తర్వాత దాని నంబరు నేనెందుకు చెప్తాను? అయినా నేను విన్నాను. స్పష్టంగా విన్నాను."



"నలుగురూ విన్నారు, పడవ మీద ఎవరూ అనలేదు," అన్నాను. "బాబూ, చుక్కాని నీ చేతిలో ఉంది. ఆ లెక్క పెట్టినప్పుడు పడవ ఎక్కడుంది?"

ఎదురుగాలికి తెరచాప పడవ తిన్నగా రావడం కుదరదు. కాస్త అటు, కాస్త ఇటు, గాలిని కోసుకుంటూ రావాలి. అలా తిప్పినప్పుడు, పోయిన దారికే దగ్గరగా వెనక్కొస్తుంది. లాయరు కళ్లు మూసుకున్నాడు.

"గంట దగ్గర మేడం. రాళ్లున్నాయని హెచ్చరించడానికి నీళ్లలో ఇనప తేలుడు పీపా కట్టి, దాని మీద పెద్ద గంట పెట్టారు. అలకి అదే ఊగుతూ మోగుతుంటుంది. పడవ తిప్పినప్పట్నుంచీ వినబడుతూనే ఉంది. కానీ..."

"కానీ?"

"పిచ్చుక మూడు అనగానే గంట ఆగిపోయింది. నాలుగు అని వినబడింది. తర్వాత మళ్లీ మోగడం మొదలెట్టింది. అల ఆగిందేమో అనుకున్నా."

"అల ఆగితే నీ చుక్కానికి తెలీదా?"

"తెలుస్తుంది." కళ్లు తెరిచాడు. "అల ఆగలేదు."

గుమ్మంలో ఏదో నేల మీద పడ్డ చప్పుడైంది. నర్సు. ఎప్పుడొచ్చిందో, గోడకి జారగిలబడి కూర్చుండిపోయింది.

"పట్టుకుంది," అంది. "ఈదుకుంటూ ఆ పీపా దగ్గరికి చేరి, గంట నాలికని చేత్తో పట్టుకుని ఆపింది, తన గొంతు వినబడాలని. పొగమంచులో వీళ్లు లెక్క పెట్టడం విని, తన వంతు రాగానే తన నంబరు చెప్పింది."

అప్పటికి గాని ఏడవలేదు. లెక్క సరిపోయింది కాబట్టి పడవ ఆగలేదు. ఆ పిల్ల నీళ్లలోంచి చెప్పిన ఒకే ఒక్క నిజం నాలుగు అబద్ధాల మధ్య కలిసిపోయింది.

మరిదిని పక్కకి లాగాను. "నీ పోలీసు లాంచీని గంట దగ్గరికి పంపు."

"ఇద్దరు గజ ఈతగాళ్లు నీళ్ల అడుగున ఉన్నారు వదినా, వాళ్లని వదిలి లాంచీ ఎలా కదులుతుంది? పైకి రాగానే పంపిస్తా. ఈ కుర్రాడు మాత్రం నాతో స్టేషనుకే."

"ఈ కుర్రాడు లేకపోతే నాకు చెవుల్లేనట్టే. వాడు నాతో వస్తాడు. నా మాట తప్పయితే నా లైసెన్సు తెచ్చి నీ టేబులు మీద పెట్టి, వంటింట్లో కూర్చుంటాను."

"మీ వంట తినేకంటే మిమ్మల్ని పంపడమే మేలు," అన్నాడు. కానీ నవ్వలేదు. లాయరుని నాతో వెళ్లమని చెయ్యి ఊపాడు. "జాగ్రత్త వదినా. పట్టీ మార్చిన చెయ్యి కూడా ఆ పడవలోనే ఉంటుంది."

అది నాకూ తెలుసు. తెలిసీ కెప్టెన్‌నే అడగాల్సి వచ్చింది. పొగమంచులో ఆ రాళ్ల మధ్య దారి ఆయనకి తప్ప ఇంకెవరికీ తెలీదు. అడగ్గానే ఒప్పుకున్నాడు, ఒక్క ప్రశ్న కూడా వెయ్యకుండా. పిల్ల బతికుండొచ్చంటే ఏ గురువైనా ముందు అదే కదా అడుగుతాడు, ఎలా తెలిసింది అని. ఈయన అడగలేదు.

ఇంజన్ మీద బయల్దేరాం. ముగ్గురు పిల్లలూ, దుప్పట్లు ఒళ్లో పెట్టుకుని నర్సూ, నేనూ. చుక్కాని కెప్టెన్ చేతిలో. రెండు నిమిషాల్లో గట్టు మాయమైంది. ఇక ఎటు చూసినా తెలుపే. ముందు నిలబడ్డ పిచ్చుక ఆకారం కనబడుతోంది గానీ మొహం కనబడటం లేదు. చాలాసేపటి తర్వాత ఎక్కణ్ణుంచో గంట వినబడింది. ఒకసారి దగ్గర్నుంచి, ఒకసారి దూరం నుంచి, ఒకసారి మా వెనక నుంచి మోగుతున్నట్టుంది.

"ఇందులో గొంతు ఎటు నుంచొచ్చిందో ఎలా తెలుస్తుంది?" అని లాయరు చెవిలో అడిగాను.

"మాకు నేర్పారు మేడం. కళ్లు మూసుకుని, ఊపిరి బిగబట్టి, చప్పుడు ఎటుంటే అటు చెయ్యి చాపాలి. సార్ కళ్లకి గంతలు కట్టి మేం నలుగురం నాలుగు మూలల నుంచి చప్పుళ్లు చేసేవాళ్లం. ఒక్కసారి కూడా తప్పలేదు సార్. గొంతు పడవ మీదిదా, నీళ్లలోదా కూడా చెప్పేసేవారు."

గర్వంగానే చెప్పాడు పాపం. నేను మాత్రం చుక్కాని వైపు తిరిగి చూశాను. పట్టీ మార్చినవాడు కొక్కెం సంగతి బయటపడకుండా చూసుకున్నాడని అంతవరకే అనుకున్నాను. అది పిరికితనం. కానీ పొద్దున్న ఆ గొంతు నీళ్లలోంచి వచ్చిందని పడవ మీద ఒకే ఒక్క మనిషికి తెలిసుండాలి. నిరుడు చచ్చిపోయిన కుర్రాడిది తప్పు కాదని చెప్పగలిగే పిల్ల, ఊడిపోయిన కొక్కెంతో సహా, బతికే ఉందని తెలిసుండాలి. అది తెలిశాకే ఆయన, జన్మలో ముట్టని ఇంజన్ వేశాడు. ఇంకో పిలుపు ఎవరికీ వినబడకుండా.

ఆయన తోయలేదు. వెనక్కి తిరగలేదు, అంతే.

"ఇక్కడ ఇంజన్ ఆపండి కెప్టెన్ గారూ," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. "లెక్క పెట్టండి, పొద్దున్న పెట్టినట్టే."

ఒక్క క్షణం నన్ను చూశాడు. ఇంజన్ ఆపాడు. నిశ్శబ్దం మీద పడ్డట్టు వచ్చింది. అరవడానికి ఆయన ముందుకి తిరిగి ఊపిరి పీల్చుకుంటుంటే, ఇంజన్ తాళంచెవి తీసి నా జేబులో వేసుకున్నాను.

"ఒకటి!"

"రెండు!"

"మూడు!"

గంట మోగుతోంది. మోగుతోంది. ఆగింది.

నర్సు నా మణికట్టు పట్టుకుంది. పడవ కింద నీళ్లు మెల్లగా ఊగుతూనే ఉన్నాయి. అల ఆగలేదు.

"...నాలుగు."

సన్నగా, అరిగిపోయిన గొంతు. చెల్లెలి పేరు పెట్టి నర్సు పెట్టిన కేక పొగమంచు మింగేసింది. నిచ్చెన వెక్కుతూనే, అలవాటు కొద్దీ, "ఐదు" అన్నాడు.

"కుడి పక్క," అన్నాడు కెప్టెన్ ప్రశాంతంగా. "కుడి పక్క నుంచే వచ్చింది." చెయ్యి ఇంజన్ మీదికి పోయింది. తాళంచెవి కోసం తడిమింది. ఆగింది.

"పిల్లలూ," అన్నాను. "మీ సార్ నేర్పినట్టు చూపించండి."

ముగ్గురూ కళ్లు మూసుకున్నారు. ముందు పిచ్చుక, మధ్యలో నిచ్చెన, నా పక్కన లాయరు. ఒకరికొకరు కనబడరు. మూడు చేతులు లేచాయి. మూడూ ఎడమ పక్కకే చూపించాయి.

కెప్టెన్ ఆ చేతుల్ని చాలాసేపు చూశాడు. ఆయన నేర్పిన పాఠమే అది, వాళ్లు బాగా నేర్చుకున్నారు.

"తాళం ఇవ్వండమ్మా," అన్నాడు మెత్తగా. "ఎడమ పక్క రాళ్లున్నాయి. దారి నాకొక్కడికే తెలుసు. నేను కాదంటే ఈ పిల్లలతో సహా అందరం పోతాం."

"పొద్దున్న కూడా ఇదే అనుకున్నారా?"

 చుక్కాని మీద ఆయన వేళ్లు ఇంకా బిగుసుకున్నాయి. లాయరు కళ్లు తెరిచాడు, లేచి నిలబడ్డాడు, జీవితంలో మొదటిసారి ఎవరితోనూ వాదించకుండా ఆయన వైపు నడిచాడు.

అప్పుడే గంట మళ్లీ మోగడం మొదలెట్టింది, అడ్డదిడ్డంగా, ఆగకుండా. గంట నాలికని పట్టుకున్న ఆ పిల్ల చెయ్యి జారిపోయింది.